ఊలు ఆరేదాకా

మొన్న మా మనవరాలి స్వెట్టరు వాషింగ్ మెషిన్‌లో వేసేశారు. పదో నంబరు సూదులతో నేను రెండు నెలలు కూర్చుని అల్లింది. వేడినీళ్ళలో గిరగిరా తిరిగి బయటికొచ్చేసరికి గొంగళి ముక్కలా గట్టిపడి, చంటిపిల్లకి కూడా పట్టనంత అయింది. "ఇంకోటి కొనుక్కుంటాలే అమ్మమ్మా" అంది పిల్ల. నాకు నోట మాట రాలేదు. ఊలు పోగు మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడీ రాపిడీ కలిశాయంటే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, ఇక విడవవు. పొలుసుల సంగతి తెలియకపోయినా, ఊలుని వేడినీళ్ళలో ముంచకూడదని మా రోజుల్లో పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు.

1974లో మావారికి అరకు స్టేషన్‌లో ఉద్యోగం. కొత్తవలస-కిరండూల్ లైను. డిసెంబరులో పొద్దున్నే కుళాయి కింద చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయేవి. క్వార్టర్సులో ఆడవాళ్ళందరం అల్లేవాళ్ళం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ ఆ కొండల్లో అంత తొందరగా పోదు. ఉగాది దాటాకే స్వెట్టర్లు ఉతికి పెట్టెలో పెట్టేవాళ్ళం.

పల్చటి కుంకుడు రసం, చన్నీళ్ళు. నలపకూడదు, మెలిపెట్టి పిండకూడదు. రెండు అరచేతులతో అదిమి, తువ్వాలులో చుట్టి నీళ్ళు లాగించాలి. దండెం మీద వేశామా, నీళ్ళ బరువుకి సాగి మోకాళ్ళదాకా దిగుతుంది. అందుకని పనసచెట్టు నీడలో నులక మంచం వేసి, పాత పంచె పరిచి, చేతులు సరిగ్గా సర్ది పడుకోబెట్టేదాన్ని. నులక సందుల్లోంచి కింది గాలి కూడా తగిలేది. అయినా రెండు రోజులు పట్టేది. కాకి పాడుచెయ్యకుండా పక్కన పీట వేసుకుని కాపలా.

ఆ కాపలాలోనే పిట్టలన్నీ తెలిశాయి నాకు. తోక కింద ఎర్రమచ్చ ఉండే పిగిలి పిట్టల జంట. ఎక్కడో కొమ్మ చివర ఆగకుండా టుక్కు టుక్కుమనే కంసాలి పిట్ట. అన్నిటికంటే దర్జీ పిట్ట. గుప్పిట్లో ఇమిడిపోతుంది, నెత్తిన ఇటుక రంగు. ఒకరోజు మంచం కోడు మీద వాలి, అటూ ఇటూ చూసి, మావారి స్వెట్టరు మోచేతి దగ్గర లేచిన నూగు ముక్కుతో పీక్కుని పోయింది. నెమలికంఠం రంగు ఊలు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. గోడ పక్కన అంజూర ఆకు రెండంచులూ దగ్గరికి లాగి, ముక్కుతో చిల్లులు పొడిచి, సాలెగూటి దారమూ దూదీ దూర్చి కుడుతోంది. ఏ సూదీ లేకుండా! నాలుగో రోజుకి ఆ కుట్లలో ఒకచోట నా ఊలు నీలంగా కనిపించింది. మావారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను.

ఇప్పుడు విశాఖపట్నంలో నాలుగో అంతస్తు. పావురాలు రాకుండా బాల్కనీకి వల బిగించారు, దాంతో ఏ పిట్టా లోపలికి రాదు. రెయిలింగు మీద బట్టలు ఆరేస్తే చూడ్డానికి బాగుండదని కమిటీ వాళ్ళు కాగితం అంటించారు. ఎండా గాలీ తగలని బట్టకి ఏం శుభ్రం? ఫోను పెడితే కూత విని పిట్ట పేరు చెప్పేస్తుందని మనవరాలు చూపించింది. మంచిదే. కానీ పేరు వచ్చేసింది కదాని అరనిమిషంలో లేచి వెళ్ళిపోయింది. పిట్ట అప్పుడే గడ్డిపరకతో తిరిగొచ్చింది, చూడ్డానికి తను లేదు.

మావారి పాత స్వెట్టరు ఒకటి మిగిలింది. నిన్న నేనే ఉతికి, మేడ మీద నీళ్ళట్యాంకు నీడలో మంచం వేయించి పరిచాను. సముద్రపు గాలికి ఊలు తొందరగా ఆరదు. సాయంత్రం తడిమి చూస్తే చంకల దగ్గర ఇంకా చెమ్మ. ఇవాళా పీట పట్టుకుని పైకి వెళ్ళాలి.