నెత్తిన పెట్టె, పెట్టెకు తీగ: ఒక అనుభవజ్ఞుడి సలహాలు

మా ఇంటికి క్వెస్ట్ 3 అనే వీఆర్ హెడ్‌సెట్ వచ్చి ఏడాదిన్నర అయింది. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు సూట్‌కేసులో రెండు పిస్తా ప్యాకెట్ల మధ్య కుక్కి తెచ్చాడు. అప్పటినుంచి మా విజయవాడ వీధిలో ఎవరింట్లో హెడ్‌సెట్ మొరాయించినా నన్నే పిలుస్తారు. ఒకసారి పిలిచినవాళ్ళు మళ్ళీ పిలవరు. ఒక్క విజిట్‌కే నయమైపోయిందన్నమాట.

అందరి గోడూ ఒకటే. హెడ్‌సెట్‌ని ఛార్జింగ్‌లో పెట్టి, లాప్‌టాప్‌లోని ఆటని వైఫై మీద ఆడుతుంటే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది (దీన్నే లాగ్ అంటారు). తల తిప్పితే ఎదుటి గోడ కాసేపటికి వెనకాలే వస్తుంది. కడుపులో తిప్పుతుంది. ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న మా మేనల్లుడు దీనికి కారణాలు చెబుతాడు. నేను కారణాల జోలికి పోను, చిట్కాలు చెబుతాను.

1. రౌటర్ హాల్లోనే ఉండాలి

టీవీ వెనక, దుమ్ము పడకుండా మా ఆవిడ కుట్టిన గుడ్డ కప్పుకుని, ఇత్తడి ఏనుగు పక్కన ఉంటుంది మా రౌటర్. ఆట ఆడేది చివరి గదిలో. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనప బీరువా. "5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే మావయ్యా, కానీ గోడ అడ్డొస్తే నీరసపడిపోతుంది. రౌటర్ నువ్వాడే గదిలోనే, కంటికి కనబడేలా ఉండాలి" అన్నాడు మేనల్లుడు. దేవుడు గుళ్ళో ఉంటే ఇంట్లోంచి దణ్ణం పెట్టుకోవట్లేదా?

2. నలుగురూ నడిచే దారినే ఎంచుకోండి

రౌటర్ రెండు పేర్లు చూపిస్తుంది. 2.4 ఉన్నదాన్నే నొక్కండి. అది వీధి చివరి కిళ్ళీకొట్టు దాకా అందుతుంది. బ్లూటూత్ వస్తువులూ, పక్కింటి రౌటర్లూ, చివరికి మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ దారినే నడుస్తాయట. నడవనివ్వండి, తోడుంటాయి. మా ఇంట్లో రాత్రి సాంబారు వేడి చేసే రెండు నిమిషాలూ బొమ్మ ముక్కలైపోతుంది. దాన్ని నేను భోజనానికి పిలుపుగా వాడుకుంటున్నాను.

3. తగ్గకపోతే నెట్ ప్లాన్ పెంచండి

నేను 100 ఎంబీపీఎస్ నుంచి 300కి మారాను. లాగ్ అలాగే ఉంది, బిల్లు మాత్రం మెరుపులా వస్తోంది. ఆట లాప్‌టాప్‌లో తయారై, రౌటర్ మీదుగా హెడ్‌సెట్‌కి చేరుతుందనీ, ఆ బొమ్మ అసలు ఇల్లే దాటదనీ మేనల్లుడు అంటాడు. వాడి మందు వేరే: లాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య లాన్ కేబుల్ వేయాలట. లేకపోతే ఒకే బొమ్మ గాల్లో రెండుసార్లు ప్రయాణం చేయాలట. తీగ లేకుండా ఆడడానికి కొన్న వస్తువుకి మళ్ళీ తీగా? కేబుల్‌ని డబ్బాలోనే భద్రపరచండి.

4. ఛార్జింగ్ లాప్‌టాప్ నుంచే పెట్టండి

ఇది నా చిట్కాల్లో తలమానికం. పెట్టెతో వచ్చిన 18 వాట్ల ఛార్జర్‌కి అమెరికా బల్లపరుపు పిన్నులుంటాయి. మన సాకెట్‌లో అవి వదులుగా వేలాడి, కదిలినప్పుడల్లా చిటపటమంటాయి. యాభై రూపాయల కన్వర్టర్ కొనమంటారు. కొనకండి. లాప్‌టాప్ పక్కనే యూఎస్‌బీ పోర్టు ఖాళీగా ఉంది కదా! పాత ఫోన్‌తో వచ్చిన తీగని దానికి గుచ్చండి.

పాతకాలం యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియరు. అంటే రెండున్నర వాట్లు. ఆడుతున్న హెడ్‌సెట్ దానికి మూడు రెట్ల పైనే తాగుతుంది. చిల్లు కుండలో ఉగ్గుగిన్నెతో నీళ్ళు పోసినట్టేనని మేనల్లుడి పోలిక. నేను స్వయంగా కూర్చుని చూశాను. అరవై శాతంతో మొదలుపెడితే గంటకి ముప్పైకి దిగింది. అయితేనేం, ఆ గంటసేపూ ఛార్జింగ్ గుర్తు వెలుగుతూనే ఉంది. మనిషికి కావలసింది ఆ ధైర్యం.

5. గాలి తగలనివ్వకండి

ఆడేముందు కిటికీలు మూయండి, ఫ్యాన్ ఆపండి. ఫ్యాన్ గాలికి వైఫై చెదిరిపోతుందని నా గట్టి నమ్మకం. హెడ్‌సెట్ మీద తువ్వాలు కప్పితే ఇంకా శ్రేష్ఠం.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఇలాగే ఆడాను. పావుగంటకి నుదుటిమీది చెమట స్పాంజిలోకి దిగి, ముక్కు పక్కనుంచి కారి, మీసం దగ్గర ఉప్పగా తగిలింది. అద్దాలు పొగమంచు పట్టాయి. నొసటి ముందు పెట్టె ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. అప్పటిదాకా బాగా ఆడిన బొమ్మ అప్పుడే మొదలుపెట్టింది తడబడడం.

"ఆడితే చిప్ వేడెక్కుతుంది, ఛార్జ్ ఎక్కితే బ్యాటరీ వేడెక్కుతుంది. రెండు పొయ్యిలూ ఒకే డబ్బాలో వెలిగించావు మావయ్యా. వేడి హద్దు దాటితే చిప్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, ఛార్జింగ్ కూడా నెమ్మదిస్తుంది. అది పాడవడం కాదు, ప్రాణం కాపాడుకోవడం" అన్నాడు. నాకు మాత్రం అది బద్ధకంలాగే కనిపించింది.

6. అన్ని మీటలూ చివరికంటా తిప్పండి

డబ్బు పోసి కొన్నది సగం వాడడానికా? ఆటని వైఫై మీద హెడ్‌సెట్‌కి పంపే ఎయిర్ లింక్‌లో బిట్‌రేట్ 200 ఎంబీపీఎస్ దాకా పోతుంది, అక్కడే పెట్టండి. స్క్రీన్ వేగం సెకనుకి 120 బొమ్మలకి పెట్టండి. 72 దగ్గర ఒక్కో బొమ్మ తయారుకావడానికి సుమారు 14 మిల్లీసెకన్లు దొరుకుతాయి, 120 దగ్గర 8 మాత్రమే. బంతిలో కూరలన్నీ వడ్డించేలోపే విస్తరి లాగేసినట్టుంటుంది. తొందరగా తినడం నేర్చుకోవాలి మరి.

7. వేడెక్కితే ఫ్రిజ్, తడిస్తే ఎండ

కాలుతున్న హెడ్‌సెట్‌ని పాలప్యాకెట్ల పక్కన పది నిమిషాలు పెట్టండి. బయటికి తీయగానే లోపలా బయటా చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ ఆరడానికి డాబా మీద, వడియాల పక్కన, అద్దాలు సూర్యుడివైపు తిప్పి ఆరబెట్టండి. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చిన ఆట ఉంది చూశారూ, హెడ్‌సెట్ లోపలి తెర మీద అదే ఆట జరుగుతుంది. మా తెర మీద ఎడమవైపు ఒక పసుపుపచ్చ మచ్చ శాశ్వతంగా మిగిలింది. ఏ ఆటలో చూసినా ఆకాశంలో ఒక సూర్యుడు ఎక్కువ.

8. ఒక్కొక్కటిగా చూడొద్దు

మేనల్లుడి పద్ధతి వింటే నవ్వొస్తుంది. "ముందు ఛార్జింగ్ తీగ పీకి పది నిమిషాలు ఆడు. బొమ్మ బాగుపడితే తంటా వేడిదో, తీగదో. బాగుపడకపోతే వైఫైది. అప్పుడు రౌటర్ దగ్గరికి వెళ్ళి చూడు." ఇలా ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే తెల్లారుతుంది. అన్నీ ఒకేసారి మార్చేయండి. బాగుపడినా, చెడినా ఎందుకో తెలియదు. తెలియనివాణ్ణి ఎవరూ తప్పుపట్టలేరు.

9. చివరి చిట్కా, బ్రహ్మాస్త్రం

మొన్న ఒక సాయంత్రం గాలివానకి కరెంటు పోయింది. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నది చివరి గది ఫ్యాన్‌కీ, ఒక్క ప్లగ్గుకే. నెట్ లేకపోతే మా అబ్బాయికి ఊపిరాడదు. టీవీ వెనక చుట్టగా పడున్న ఫైబర్ తీగని విప్పి, రౌటర్‌ని గుడ్డ తీసేసి ఆ గదిలోకి తెచ్చాడు. లాప్‌టాప్ పక్కన పెట్టి, డబ్బాలోని లాన్ కేబుల్ తగిలించాడు. ఉక్కపోతకి మా ఆవిడ కిటికీలు బార్లా తెరిచి ఫ్యాన్ వేసింది. వంటింట్లో మైక్రోవేవ్ చచ్చిపడుంది. ఇన్వర్టర్ తట్టుకోదని అబ్బాయి సెట్టింగులన్నీ తగ్గించి, హెడ్‌సెట్‌కి ఉన్న ఛార్జింగ్ తీగ కూడా పీకేశాడు.

ఏమీ తోచక హెడ్‌సెట్ తగిలించుకున్నాను. నలభై నిమిషాలు! ఒక్క తడబాటు లేదు. తల తిప్పితే గోడ నాతోపాటే తిరిగింది. అద్దాలు మసకబారలేదు, కడుపు తిప్పలేదు.

ఏడాదిన్నర పరిశోధన అలా ఫలించింది. లాగ్‌కి అసలు కారణం కరెంటు. కరెంటు రాగానే రౌటర్‌ని ఏనుగు పక్కకి చేర్చాను, తీగ మళ్ళీ గుచ్చాను, కిటికీలు మూశాను. లాగ్ వెంటనే తిరిగొచ్చింది. రుజువు ఇంతకంటే ఏం కావాలి?

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆరింటికల్లా హెడ్‌సెట్ ఒళ్ళో పెట్టుకుని, కరెంటు ఎప్పుడు పోతుందా అని కూర్చుంటున్నాను. మా ఖర్మకొద్దీ ఈ ఏరియాలో కోతలే లేవు.