మైల్డు క్యామ్ మాహాత్మ్యము

ఇంజను తడబడుటయే బలమునకు లక్షణమని లోకమున మొదట ప్రవచించిన మహానుభావుడెవరో నేనెరుగను గాని, ఖమ్మమున వైరా రోడ్డు వెంబడి సాయంకాలవేళ టీకొట్ల యెదుట కార్లు నిలిపి, స్టార్టు చేసిన ఇంజను నిలకడ లేక డుగ్ డుగ్ మని ఎగసి పడుచుండగా, ఆ తడబాటును రామదాసు కీర్తన వినినట్లు తలలూపుచు ఆలకించు యువకులను జూచినప్పుడెల్ల, ఆ మతమునకు మా ఊర శిష్యబృందము గట్టిగానే ఏర్పడినదని మాత్రము చెప్పగలను.

పూర్వమీ భక్తి యంతయు సైలెన్సరుమీద నుండెడిది. పోలీసువారు ఆ సైలెన్సర్లను ఊడబెరికి, వరుసగా పరచి, రోడ్డు రోలరుచేత తొక్కించుట తెలంగాణ పట్టణములలో పత్రికల కెక్కు వేడుకయైన పిదప, బాహ్యపూజ తగ్గి అంతర్యాగము ప్రబలినది. ఇప్పుడు మార్చునది క్యామ్‌షాఫ్టు. అది ఇంజను తలలో దాగియుండును, రోలరున కందదు.

మా మేనల్లుడును ఈ దీక్ష పుచ్చుకొనెను. ఆ యేడు తేజా మిర్చికి మంచి ధర పలికినందున, మార్కెట్టు యార్డునుండి తండ్రి తెచ్చిన సొమ్ములో కొంత పదేండ్ల నాటి తన పెట్రోలు కారునకు సమర్పింపబోవుచు, నా ఆశీర్వాదమునకై వచ్చి, "మామయ్యా, రేసు క్యామ్ కాదులే, మైల్డు క్యామే. రోడ్డు మీద తిప్పుకునే బండికి సరిగ్గా సరిపోద్దంట" అనెను. ఆ 'అంట'లోనే శాస్త్రమంతయు నిమిడియున్నది. నేలకొండపల్లి గోపన్న సర్కారు సొమ్ముతో రాముని గుడి గట్టించి గోలకొండ చెరలో 12 ఏండ్లు మగ్గెనని చెప్పుకొందురు. తండ్రి సొమ్ముతో ఇంజనుకు అర్చన జరిపించిన వీనికి ఒక పూట అన్నమైనను తప్పలేదు.

ఈ క్యామ్‌షాఫ్టు చేయు పని యేమనగా, క్రాంకు రెండు చుట్లు తిరుగులోపల తానొక చుట్టు తిరుగుచు, తన మీది గుడ్డువంటి ఉబ్బులతో వాల్వులను నెట్టి తెరచి మూయించుట. వాల్వు ఎంత లేచునో అది లిఫ్టు. ఎంతసేపు తెరచియుండునో అది డ్యూరేషను, దీనిని డిగ్రీలలో లెక్కింతురు. మా బస్టాండులో పండుగనాడు బస్సు తలుపును కండక్టరు ఒక క్షణమాలస్యముగా మూసెననుకొనుడు: వెనుకనుండి జనము తోసికొని వచ్చుచున్నారు గనుక, బస్సు కదలుచున్నను మరి పదిమంది లోపల పడుదురు. జనము పలుచగానున్న మధ్యాహ్నవేళ అదే ఆలస్యము చేసినచో, ఎక్కినవారే నింపాదిగా దిగి సోడా త్రాగ బోవుదురు. డ్యూరేషను పెంచిన క్యామ్ చేయునదియు నిదియే. ఇంజను వడిగా తిరుగునప్పుడు గాలి తన తోపుననే సిలిండరులోనికి చొరబడును. మెల్లగా తిరుగునప్పుడు, పైకి లేచుచున్న పిస్టను ఆ గాలిని వచ్చిన త్రోవనే వెనుకకు నెట్టివేయును. ఇక పొగ పోవు వాల్వును గాలి వచ్చు వాల్వును కొంతసేపు రెండును తెరచియుండుట యొకటి కలదు, దానిని ఓవర్‌ల్యాపు అందురు. అది హెచ్చినకొలది ఇంజను తాను విడిచిన పొగనే తాను మరల పీల్చి ఉక్కిరిబిక్కిరి యగును. టీకొట్టు కడ మన యువకులు పరవశించి వినుచున్న కీర్తన ఈ ఉక్కిరిబిక్కిరియే.

డిగ్రీల లెక్కలోనే యొక చమత్కారమున్నది. వాల్వు వెంట్రుకవాసి కదలినది మొదలు లెక్కించువారు కొందరు. అంగుళములో వేయింట 50 పాళ్ళు లేచిన పిదపనే లెక్కించువారు కొందరు. మొదటి లెక్కలో 260 డిగ్రీలున్న క్యామ్ రెండవ లెక్కలో సుమారు 210కి దిగును. వడ్లకొక కుంచము, వేరుసెనగకొక కుంచమువలె ఈ రెండు కొలతలను పక్కపక్కనే పెట్టుకొని, అక్కరనుబట్టి మార్చుచు అమ్ముచుండగా, 'మైల్డు' అను మాటకు అర్థము కొనువాని జేబు లోతే యగుచున్నది.

సరే, రోడ్డు సంగతి చూతము. ఖమ్మమునుండి భద్రాచలము సుమారు 120 కిలోమీటర్లు. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెము, పాల్వంచ, సారపాక దాటి, 1965లో ప్రారంభమైన గోదావరి వంతెన నెక్కవలెను. ఈ దారిలో ముందు గ్రానైటు బండల లారీ, అది తప్పుకొన్న బొగ్గు టిప్పరు, దాని యవతల సారపాక కాగితపు మిల్లునకు పోవు జామాయిల్ కర్రలారీ. నడుమ గేదెలు, స్పీడు బ్రేకర్లు. ఐదవ గేరులో గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఇట్టి కారు ఇంజను నిమిషమునకు సుమారు 2,000 చుట్లు తిరుగును. మేనల్లుని క్యామ్ మేల్కొనునది 4,500 కడ. అదే గేరులో అది 135 కిలోమీటర్ల వేగము. ఆ వేగమున కర్రలారీని దాటువాడు భద్రాచలము దాకా పోనక్కరలేదు, దారిలోనే వైకుంఠము చేరగలడు. రెండవ గేరులో తొక్కిన 4,500 రావా యని వారడుగుదురు. వచ్చును, వచ్చి, ఊపిరి తిప్పుకొనులోపల ముందరి స్పీడు బ్రేకరును పాదములకడ తెచ్చి పెట్టును.

క్యామ్ బిగించిన నెలకు మా అక్కయ్యను నన్నును ఎక్కించుకొని వాడు రామదర్శనము చేయించి, అంతటితో ఆగక, 2014లో మా జిల్లానుండి ఆంధ్రప్రదేశమునకు పోయిన చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటు చూపింతునని బయలుదేరెను. ఘాటులో నిలువుగా మలుపు తిరుగు నొకచోట, ఎదురుగా లారీ దిగుచుండగా, బండిని మెల్లగించి రెండవ గేరులో నెక్కింపబోయెను. ఇంజను ఒక్కమారు వణకి ఆగిపోయెను. బండి వెనుకకు జారుచుండగా వాడు హ్యాండు బ్రేకు లాగెను; అక్కయ్య రామనామ మందుకొనెను. అంతలో సంతకు పోవు జనమును, కోళ్ళ గంపలను పైకప్పు దాక నింపుకొన్న బొలెరో యొకటి, ఏ క్యామ్ మహిమయు నెరుగని తన డీజిలు ఇంజనుతో, గుడగుడలాడుచు మమ్ము దాటి పైకి పోయెను. అందులోని కోడి యొకటి మమ్ము చూచిన చూపు నేటికిని నాకు మరపు రాదు.

తిరుగుదారిలో చింతూరున జీపులు బాగుచేయు ముసలి మేస్త్రికి బండి చూపితిమి. ఆయన బానెటు ఎత్తనైనను ఎత్తక, ఐడ్లింగు విని, "బాబూ, కింద పికప్ అమ్ముకొని పైన కొనుక్కున్నావు. మన రోడ్ల మీద పైన బతికేదెక్కడ?" అనెను.

నిజమైన మైల్డు క్యామ్ లేదని నేననను. కలదు. కంపెనీవారి క్యామ్‌కంటె డ్యూరేషను కొద్ది డిగ్రీలే హెచ్చి, లాభమంతయు లిఫ్టునుండి రాబట్టుకొని, ఓవర్‌ల్యాపు పెంచక, దానికి తగిన వాల్వు స్ప్రింగులును రీమ్యాపింగును తోడు చేసికొని, పిస్టనుకు వాల్వు తగులకుండ చూచుకొని బిగించినచో, 2,000 చుట్లకడ పోగొట్టుకొనునది స్వల్పము, పైన వచ్చునది కొంత. 1989లో హోండావారు ఇంటెగ్రా కారున రెండు విధముల ఉబ్బులను ఒకే షాఫ్టుమీద నిలిపి, మెల్లగా పోవునప్పుడొకటి వడిగా పోవునప్పుడొకటి పనిచేయునట్లు ఏర్పరచినది ఈ రెంటికిని పొత్తు కుదరదని తెలిసియే. కాని నిజమైన మైల్డు క్యామ్‌కు పరిహారము లేని దోషమొకటి కలదు: దాని ఐడ్లింగు నిలకడగా నుండును. టీకొట్టు కడ ఎవడును తల తిప్పి చూడడు. వినబడని బలమును మిర్చి సొమ్ము పోసి కొనువాడెవడు? కావుననే అంగడిలో మైల్డు అను పేరు నిలిచినది, మైల్డు అను వస్తువు అమ్ముడుపోదు.

పాత క్యామ్‌షాఫ్టు పారవేయలేదు. అక్కయ్య దానిని గుడ్డలో చుట్టి అటకమీద భద్రపరచినది. వచ్చు ఆదివారము హెడ్డు విప్పి దానిని మరల బిగింతురు. కూలి నేనిచ్చుచున్నాను.