మేడమీది నక్షత్రకుడు

ప్రతి కాలనీకీ ఒకడు రాసిపెట్టి ఉంటాడు. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటుకి రాసిపెట్టినవాడు మూడో అంతస్తులో ఉంటాడు. పగలు బ్యాంకు ఉద్యోగి. చీకటిపడితే ఎనిమిదంగుళాల టెలిస్కోపుని చంకనెత్తుకుని మేడెక్కుతాడు. ఎక్కగానే ఫొటో తీస్తాడనుకునేరు! ముందు దాని అద్దం బయటిగాలికి చల్లారాలి. ముప్పావుగంట కాపలా. కింద అన్నం చల్లారిపోతున్నా దిగడు.

పున్నమి వస్తే అతనికి చిరాకు. పిల్లలు "అంకుల్, చందమామ!" అంటూ ఎగబడితే అష్టమినాడు రమ్మని తరిమేస్తాడు. నిండు చంద్రుడిమీద ఎండ ఎదురుగా పడుతుంది, నీడలుండవు, గుంటల లోతు తేలదు. సగం చంద్రుడైతే వెలుగూ చీకటీ కలిసే గీత వెంట కొండ కొండా లెక్కపెట్టుకోవచ్చు. పాపం, పిల్లలకి ఆ రోజు ట్యూషన్.

మన ఊళ్లో ధ్రువనక్షత్రం సుమారు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. సరిగ్గా దానికి అడ్డంగా మా వాటర్ ట్యాంకు. స్టాండుని ధ్రువానికి సూటిగా నిలబెట్టకపోతే నక్షత్రాలు గీతలవుతాయి కనక, ట్యాంకు జరపమని అసోసియేషన్ మీటింగులో మొరపెట్టుకున్నాడు. "చుక్కనే కాస్త జరుపుకో బాబూ" అన్నారు ప్రెసిడెంటుగారు. మరోసారి ఏసీ వేడిగాలికి గురుడు వణికిపోతున్నాడంటూ నాలుగో అంతస్తు తలుపు తట్టాడు. "గురుబలం తగ్గిందా అన్నయ్యగారూ? శాంతి చేయించండి" అందావిడ.

ఆ గురుడు పది గంటల్లోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు. వీడియో మరీ సాగితే చారలు అలుక్కుపోతాయి. అందుకే రెండు నిమిషాల్లో వేల ఫ్రేములు పట్టి, వణకనివి ఏరి, ఒకదానిమీద ఒకటి పేర్చి, తెల్లారేసరికి కందిగింజంత గురుణ్ణి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. కిందింటి తాతగారు దండం బొమ్మ పెడతారు. అంతే.

నెబ్యులా రాత్రులు ఇంకో తమాషా. కెమెరా సొంత మరకల్ని తర్వాత తీసివేయడానికి మూతపెట్టి మరీ నల్లటి ఫొటోలు తీస్తాడు. అది చూసిన వాచ్‌మన్ హడలిపోయి కిందికి పరిగెత్తి, "అమ్మా, సారు మూతపెట్టి ఫొటోలు తీస్తున్నారు!" అన్నాడు. "రోజూ అంతే, నువ్వు పడుకో" అంది ఆ ఇల్లాలు.

మొన్న వినాయకచవితినాడు మేమంతా తలలు దించుకుని తిరుగుతుంటే, మబ్బు విడిచిందని చంద్రుడికి గురిపెట్టాడు. తెల్లారి చూస్తే ట్యాంకు ఖాళీ. వాల్వు ఎవరు తిప్పారని ఎవరూ వాకబు చెయ్యలేదు, నేరుగా మూడో అంతస్తుకే వెళ్లారు.

"నేను చంద్రుణ్ణి నేరుగా చూడలేదే! అద్దంలో ప్రతిబింబమేగా!" అని గింజుకున్నాడు ఇంట్లో.

"కృష్ణుడు పాలగిన్నెలో చూసిందీ ప్రతిబింబమేనండీ" అంది భార్య.