వేలు పెట్టకండి, పాఠం నడుస్తోంది

మూడో తరగతి నుంచే ఏఐ అట. 2026-27 నుంచే అట. ఢిల్లీ వాళ్లు ఆ మాట అన్న దగ్గర్నుంచి మా జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో ఒకటే సంబరం. ఒత్తులు, గుణింతాలు దిద్దుకుంటున్న పిల్లాడు పలక పక్కన పడేసి యంత్రానికి బుద్ధులు నేర్పుతాడు. వాడికి చదువొస్తే ఏమిటి, రాకపోతే ఏమిటి? యంత్రానికొస్తే చాలదూ! దేశం మొత్తం మీద పల్లెటూళ్ల ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి వాచకం చదవగలిగినవాళ్లు 23.4 శాతమేనని అసర్ 2024 సర్వే చెప్పింది. మిగతా వాళ్ల వంతు యంత్రమే చదివిపెడుతుంది లెండి.

కొత్త అద్భుతానికి హారతి పట్టే ముందు పాతవాటి క్షేమసమాచారం కూడా కనుక్కోవాలి కదా. 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజున, ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5.18 లక్షల ట్యాబులు పంచడం మొదలెట్టారు. లోపల బైజూస్ పాఠాలు. 2024 జులైకల్లా ఆ బైజూస్ దివాలా కేసులో చిక్కుకుంది. పిల్లాడు తప్పితే సప్లిమెంటరీ ఉంది. మేష్టారే తప్పితే?

పుస్తకంలో పాఠం పక్కన క్యూఆర్ కోడ్ వేశారు. దాన్ని చూపించాల్సిన ఫోనేమో నాన్న జేబులో, మిరపకాయల బస్తాలతో గుంటూరు యార్డుకు వెళ్లి ఉంటుంది. బడిలో మరుగుదొడ్ల ఫొటోలు కూడా కొన్నాళ్లు యాప్ కోసం అయ్యవార్ల చేతే తీయించారు. ఆ సంగతి ఎత్తితే వాళ్ల బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం.

అసలు నా మంటంతా గోడ మీది ప్యానెల్‌తో. ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్, ముద్దుగా ఐఎఫ్‌పీ. నాడు-నేడు పథకం కింద హైస్కూలు గదుల్లో బిగించారు. మా రెండు ఊళ్ల మధ్య హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఒకానొక బడిలో దాన్ని దర్శించుకున్నాను. దర్శనమే మరి. తాకితే పలికే ఆ తెర పక్కన స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన కాగితం: 'పిల్లలు ముట్టుకోరాదు'. తిరునాళ్లలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడికి పోయినా ఇంత మడి కనపడదు.

టీచరును తిట్టి లాభం లేదు. స్టాకు రిజిస్టరులో సంతకం వాళ్లది. అద్దానికి గీత పడితే ఎవరు కట్టాలో ఎవరూ తేల్చి చెప్పలేదు కాబట్టి, తామే కట్టాల్సి వస్తుందని వాళ్ల భయం. పైగా పిల్లల వేళ్లు చూశారా? మిరప కోతలప్పుడు ఆదివారం చేలోకి పోయిన ఆడపిల్ల చేతులు సోమవారం మధ్యాహ్నం దాకా మండుతూనే ఉంటాయి. గోళ్ల సందుల్లో ఎరుపు పోదు. ఆ వేళ్లా అంత ఖరీదైన తెర మీద!

అధికారి వస్తున్నాడంటే మాత్రం మడి సడలుతుంది. గోళ్లు శుభ్రంగా కత్తిరించుకున్న పిల్ల ఒకతె ముందుకొస్తుంది. ఒక్క వేలు తెర మీద ఆనిస్తుంది. కదలొద్దమ్మా, ఫొటో! ఆ ఫొటో మండలం గ్రూపులోంచి జిల్లా గ్రూపులోకి ఎక్కేసరికి తరగతి తరగతంతా డిజిటల్‌గా నేర్చేసుకున్నట్టు లెక్క. పిల్ల వెనక్కి పోయి కూచుంటుంది. తుడిచే గుడ్డ బయటికొస్తుంది.

తెర మీద ఏం చూపిస్తారయ్యా అంటే, సున్నపురాయి గురించి రంగురంగుల బొమ్మ. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పీల్చి పెరిగే పిల్లలకి! బౌద్ధం పాఠమొస్తే సాంచీ స్తూపాన్ని గిరగిరా తిప్పి చూపిస్తారు. జగ్గయ్యపేట ధనంబోడు మీద 1882లో బర్జెస్ తవ్వించిన స్తూపం ఉంది. పక్క ఊళ్లోనే ఉన్న ఆ గుట్ట మీదికి పిల్లల్ని ఒక్క పూట తీసుకెళ్లే తీరిక ఎవరికీ లేదు. ఈలోగా గాలి దుమారం లేస్తే కరెంటు పోతుంది, సాంచీ కూడా ఆరిపోతుంది. అప్పుడు సుద్దముక్క తీస్తారు. ఆ పూటకి చదువు మొదలవుతుంది.

ఆ సుద్దముక్క పట్టే మనుషులే కరువు. 2024-25 కేంద్ర లెక్కల్లో ఏకోపాధ్యాయ పాఠశాలలు దేశంలో 1,04,125. అందులో 12,912 మన ఆంధ్రప్రదేశ్‌వే. మనదే మొదటి స్థానం. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అన్న నాడే బడికి కనీసం ఇద్దరు టీచర్లు ఉండాలన్నారు. బ్లాక్‌బోర్డు పోయి గ్రీన్‌బోర్డు వచ్చింది, స్మార్ట్ టీవీ వచ్చింది, రెండో టీచరు మాత్రం దారిలోనే ఉన్నాడు. 2018 తర్వాత ఆఖరి దాకా నడిచిన డీఎస్సీ మళ్లీ 2025లోనే, 16,347 పోస్టులతో. మధ్యలో 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన నోటిఫికేషన్‌ను రద్దు చేశారు. ఆ ఏడేళ్లలో ట్యాబులు వచ్చాయి, ప్యానెళ్లు వచ్చాయి, యాప్‌లు అసలే ఆగలేదు. సామాను కొనడానికి దొరికిన డబ్బు మనిషిని పెట్టుకోవడానికి దొరకలేదంటే సిగ్గుపడాల్సిన విషయం కాదా? 2018లో మూడులో కూర్చున్న పిల్ల 2025కి పదికొచ్చేసింది. ఆమె పోగొట్టుకున్న ఏళ్లు ఏ ప్రభుత్వం తిరిగిస్తుంది? అయిదు తరగతుల్ని ఒక్కడే కాస్తున్న అయ్యవారి చేతిలో ఇప్పుడు పాత యాప్‌లన్నీ కలిపేసిన లీప్ యాప్ పెట్టారు. యాప్‌లు కలిపినంత తేలిగ్గా తరగతులు కలవవు సారూ, రెండో తరగతి గోలలో అయిదో తరగతి లెక్క ఎలా చెప్పాలో ఆ తెర మీద చూపించండి!

టెక్నాలజీకి వ్యతిరేకివా అని నన్ను అడగబోయేవాళ్లకు ముందే చెబుతున్నా. ఆ ప్యానెల్ పిల్లల చేతుల్లో నలిగి నలిగి పగిలిపోతే నాకంటే సంతోషించేవాడు ఉండడు. వాడారని అంతకంటే రుజువేం కావాలి? గోడ మీది కాగితం పీకేయండి, అద్దం పగిలినా టీచరు జీతం జోలికి రాము అని విద్యాశాఖ ఒక్క సర్క్యులర్ ఇవ్వగలదా? యాప్‌లో కాదు, కాగితం మీద, సంతకంతో.