ఒకటో నంబరు ఎటువైపు?

సికింద్రాబాద్ స్టేషన్ అనగానే మా బాబాయి అడిగేది ఒక్కటే: “ఒకటో నంబరు వైపా, భోయిగూడ వైపా?” మొన్న తెనాలి టికెట్ చేతిలో పెట్టి “రైలు చర్లపల్లి నుంచి” అన్నాను. మనిషి డీలాపడ్డాడు.

“సికింద్రాబాద్ ఏమైందిరా?”

“బాగుచేస్తున్నారు. దాదాపు 720 కోట్లు.”

“మరి పాత బిల్డింగు?”

“కొట్టేశారు.”

ఒక్క క్షణం మాట్లాడలేదు. “పూర్తయితే అచ్చం ఎయిర్‌పోర్టే బాబాయ్,” అని ఊరడించబోయాను. “ఊరికి దూరంగా పోవడం అప్పుడే మొదలైందిగా!” అన్నాడు.

ఆ స్టేషన్ జాతకమే అంత. 1874లో వాడి జంక్షన్ నుంచి ఇక్కడికి రైలు వేయించింది మా బాబాయి కోసం కాదు, నిజాం కోసమూ కాదు. తిరుమలగిరి కంటోన్మెంట్‌లోని దొరల సైన్యాన్ని బొంబాయి–మద్రాసు లైనుకి కలపాలి, అంతే. ఖర్చు మాత్రం నిజాం ఖజానాది. సొమ్మొకడిది, సోకొకడిది. హైదరాబాద్ అని బోర్డున్న స్టేషన్ కట్టింది 1907లో. దాన్ని జనం నాంపల్లి అంటారు తప్ప హైదరాబాద్ అని పొరపాటున కూడా అనరు.

అప్పట్లో లెక్కలు అడిగినవాళ్ళు లేకపోలేదు. 1883లో చాందా రైలు పథకం మీద గొంతెత్తిన అఘోరనాథ్ చటోపాధ్యాయను, అంటే మన సరోజినీ నాయుడు నాన్నగారిని, రాజ్యం దాటించేశారు. రైలు గురించి నోరెత్తితే ప్రయాణం ఖాయమన్నమాట. రిజర్వేషన్ కూడా అక్కర్లేదు.

అందుకే నేను నోరు మూసుకుని ఆటో పిలిచాను. ఆటోవాడు చెప్పిన రేటు విని బాబాయి తన తెనాలి టికెట్‌ని ఒకసారి, డ్రైవర్‌ని ఒకసారి చూశాడు. అయినా ముందు సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటి ఆల్ఫా హోటల్ దగ్గర ఆపించాడు; అక్కడ టీ తాగకుండా రైలెక్కితే ఆయనకి ఊరు వెళ్ళినట్టే ఉండదు. ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా చంకలో ఇరికించుకుని, సాసర్లో టీ ఒంపుకుని, రోడ్డవతల క్రేన్ల కేసి చూస్తూ ఊదుకుంటూ తాగాడు. టీ అయింది. సాసర్ కింద పెట్టలేదు.

చర్లపల్లి చేరేసరికి రైలుకి పావుగంటే ఉంది. 2025 జనవరిలో ప్రారంభించిన టెర్మినల్, తళతళలాడుతోంది. బాబాయి తలెత్తి గోడలన్నీ పరికించి, డబ్బా ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

“అంతా బాగానే ఉంది గానీ, ఇక్కడ ఒకటో నంబరు ఎటువైపురా?”