2032 దాకా ఢోకా లేదు

మా మావయ్యగారు ట్రెజరీలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు తిరగేసి తేదీ చూస్తారు. బిస్కెట్ పొట్లం, తలనొప్పి మాత్ర, ఆఖరికి శుభలేఖ అయినా సరే. ఆ అలవాటు మీద ఇన్నాళ్ళూ నేను వేసిన జోకులన్నీ మా కారు తాళం మూలంగా వెనక్కి తీసుకోవాల్సొచ్చింది.

నెల కిందట తాళంచెవి మీద మీట నొక్కితే కారు సరిగ్గా పలకడం మానేసింది. ఆనుకుని నిలబడి బతిమాలితే కుయ్ కుయ్‌మనేది, పది అడుగుల దూరంనుంచి నొక్కితే మొహం చాటేసేది. లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోవచ్చిందని కనిపెట్టేపాటి జ్ఞానం నాకుంది. సందు చివర వాచీల కొట్టుకు పట్టుకెళ్ళాను. కొట్టతను రెండు బిళ్ళలు చూపించి, "రెండూ మూడు వోల్టులే సార్, ఏదైనా ఒకటే" అన్నాడు. మూడు వోల్టులైతే చాలు కదా అని నేనూ తలూపాను. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి మరి.

అసలు కథ అక్కణ్ణుంచి మొదలైంది. పొద్దున పనిచేసింది సాయంత్రం చేసేది కాదు. నేను నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు, మావయ్యగారు నొక్కితే నాలుగు తలుపులూ టక్కుమనేవి. "కాలింగ్ బెల్ నొక్కినట్టు నొక్కితే ఎలా అల్లుడూ? వేలిముద్ర వేసినట్టు నొక్కాలి" అనేవారు. ఇది 433.92 మెగాహెర్ట్జ్ మీద నడిచే రేడియో అనీ, దానికి వేలి బలంతో సంబంధం లేదనీ ఓపిగ్గా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, మళ్ళీ నొక్కారు. మళ్ళీ తెరుచుకుంది.

ఇలాంటప్పుడు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. రెండో తాళంచెవితో చూడాలి. అది పనిచేస్తే లోపం మొదటి తాళంచెవిలో ఉన్నట్టు, అదీ చేయకపోతే కారులో ఉన్నట్టు. మా రెండో తాళంచెవి కారు కొన్ననాటినుంచీ, అంటే ఎనిమిదేళ్ళుగా, బీరువాలో నగల పక్కన భద్రంగా ఉంది. తెచ్చి నొక్కాను. చలనం లేదు. కాబట్టి లోపం కారుదే. తర్కంలో ఎక్కడా తప్పు లేదు. ఎనిమిదేళ్ళు బీరువాలో నిద్రపోయిన తాళంచెవిలో బ్యాటరీ శాశ్వత నిద్రలోకి వెళ్ళి ఉంటుందన్నది మాత్రం నాకు తట్టలేదు.

తర్వాత అనుమానం మా ఐదేళ్ళ మేనల్లుడి మీదికి పోయింది. మీట నొక్కిన ప్రతిసారీ తాళంచెవి కొత్త కోడ్ పంపుతుంది, కారు కూడా ఆ వరస లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. దూరంగా కూర్చుని కొన్ని వందలసార్లు నొక్కితే లెక్క తప్పి, 'నువ్వెవరో నాకు తెలీదు' అంటుంది. వీడేమో సెలవులకొచ్చి రెండో అంతస్తులో కూర్చుని రోజంతా అదే ఆట. కానీ లెక్క తప్పితే తాతగారి వేలికి మాత్రం ఎలా పలుకుతుంది? పిల్లాణ్ణి నిర్దోషిగా వదిలేశాం.

ఆటోనగర్ తీసుకెళ్తే మెకానిక్ డ్రైవర్ వైపు తలుపు లోపలి అట్ట ఊడబీకాడు. తలుపుకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలోంచి వైర్లు వెళ్తాయి. తలుపు తీసీ వేసీ అవి లోపలే తెగిపోతుంటాయట. మావి తెగలేదు. నాలుగు తలుపుల్లో మోటార్లూ తిరుగుతున్నాయి. బిళ్ళకు మీటరు పెడితే నిక్షేపంగా మూడు వోల్టులు. "అంతా బానే ఉంది సార్" అని పదిహేను వందలు తీసుకున్నాడు. ఆ మాట చెప్పడానికి డాక్టర్లూ తీసుకుంటారు కదా అని ఇచ్చాను. ఊడబీకేటప్పుడు విరిగిన క్లిప్పుల వల్ల ఆ తలుపు ఇప్పటికీ గిలకలా మోగుతోంది.

ఆ వారమే కానూరులో పెళ్ళి. చదివింపుల కవరు కారులో మర్చిపోయారంటూ మా ఆవిడ నన్ను పరిగెత్తించింది. కారు ససేమిరా అంది. చుట్టూ నలుగురు చేరారు. "గడ్డం కింద పెట్టుకుని నొక్కండి, తలకాయ యాంటెన్నాలా పనిచేస్తుంది" అన్నాడొకతను. అది వేళాకోళం కాదు, నిజంగానే కాస్త దూరం పెరుగుతుంది. పట్టుపంచెలో, కారు ముందు, గడ్డానికి తాళంచెవి ఆనించుకుని దిక్కులు చూస్తున్న నన్ను ఫొటోగ్రాఫరు తీశాడు. పెళ్ళి ఆల్బమ్‌లో ఉంది.

ఇక లాభం లేదని మామూలు తాళం తీసినట్టే తాళంచెవి తలుపులో దూర్చి తిప్పాను. దొంగ పడ్డాడనుకుంది కారు. లోపల పురోహితుడు గట్టిమేళం అని చెయ్యెత్తిన క్షణానే సైరన్ అందుకుంది. సన్నాయివాళ్ళు ఆపేసి బయటికి చూశారు. మూడు ముళ్ళూ నా కారు మేళంతోనే పడ్డాయి. తాళంచెవి స్టీరింగ్ పక్కన పెట్టి తిప్పితే గానీ నోరు మూయలేదు. అందులో ఇంకో చిప్ ఉంటుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు, యజమానిని గుర్తుపడుతుంది. ఆ ఒక్కటే నన్ను గుర్తుపట్టింది ఆ రాత్రి.

ఇంటికొచ్చాక మావయ్యగారు తాళంచెవి తీసుకుని, రూపాయి బిళ్ళతో మూత తెరిచి, భూతద్దం పెట్టారు.

"సీఆర్ 2025. చూశావా? పోయినేడే ఎక్స్‌పైరీ. బీరువాలోది చూడు, 2032! అసలు సరుకంటే అదీ."

నవ్వాపుకోలేకపోయాను. "అది సంవత్సరం కాదు మావయ్యగారూ, కొలత. ముందు రెండంకెలు అడ్డకొలత, 20 మిల్లీమీటర్లు. వెనక రెండూ మందం. 32 అంటే 3.2 మిల్లీమీటర్లు, 25 అంటే రెండున్నర..."

అక్కడ నా నోరు ఆగిపోయింది. 3.2 పట్టే గూట్లో రెండున్నర. 0.7 మిల్లీమీటర్ల సందు. గట్టిగా నొక్కితే మూత అణిగి బిళ్ళ అంటుకుంటుంది, మెత్తగా నొక్కితే అంటుకోదు. ఆటోనగర్ మీటరుకు మందంతో పనిలేదు, వోల్టులు చాలు.

"చెప్పు, ఆగావేం?" అన్నారాయన.

"ఏం లేదు. 2032దే తెచ్చుకుందాం."

మర్నాడు కొట్లో బేరం ఆయనే చేశారు. "పోయినేడు అయిపోయిన సరుకు అంటగడతావా?" అని గద్దిస్తే, కొట్టతను నా మొహం చూసి, నేను నేల చూపులు చూస్తుంటే, కిక్కురుమనకుండా మార్చాడు. వీధి చివరనుంచి చిటికెనవేలితో నొక్కినా కారు పలికింది.

వస్తూ వస్తూ మావయ్యగారు గాజుబల్ల దగ్గర ఆగిపోయారు. లోపల కాస్త పెద్ద బిళ్ళ ఒకటుంది. దాని మీద 2450 అని ఉంది.

"అల్లుడూ," అన్నారు గొంతు తగ్గించి, "పదో పరకో ఎక్కువైనా ఫర్లేదు, అది తీసుకుందాం."