ఆత్మకథల తరగతి: నడుపు విధానం

సత్తెనపల్లిలో పెద్దవాళ్లకు ఆత్మకథ రాయడం నేర్పదలచినవారు ముందుగా ఫ్లెక్సీ కొట్టించాలి. శిక్షకుడి బొమ్మ పెద్దదిగా, రాయబోయేవాళ్ల ఊసు చిన్నదిగా ఉండాలి. తరగతి పొద్దున పదింటికి పెడితే మిరపకాయ కోతలకు పోయేవాళ్లెవరూ రాలేరు. కథలున్న మనుషులు సగం మంది అక్కడే తప్పిపోతారు.

ప్రారంభ సభలో వావిలాల గోపాలకృష్ణయ్య పటానికి దండ వేయాలి. ఈ ఊరి నుంచి నాలుగుసార్లు శాసనసభకు వెళ్లిన మనిషి, అధికార భాషా సంఘం తొలి అధ్యక్షుడు. ముగింపు సభలో సర్టిఫికెట్లు ఇంగ్లిష్‌లో ఇవ్వాలి.

మొదటి నెలంతా సంధులు, సమాసాలు. పల్నాటి మాట వినపడితే అక్కడికక్కడే దిద్దాలి. "మా అమ్మ కూలికి పోయేది" అని ఎవరైనా రాస్తే "మా మాతృమూర్తి శ్రమైక జీవి" అని మార్చాలి. అప్పులు, అత్తగారి మాటలు, పత్తికి పురుగు పట్టిన ఏడు... ఇవన్నీ ఇంటి పరువుకు సంబంధించినవి, కొట్టేయాలి. వంశవృక్షం మాత్రం ఏడు తరాలకు తగ్గకూడదు.

ఉదాహరణల దగ్గర జాగ్రత్త. సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' నవలను 1922లో రాయవేలూరు జైల్లో రాశారని పొరపాటున చెబితే, మరి ఏసీ హాలుకు చందా ఎందుకని అడుగుతారు. వినుకొండ జాషువా 'నా కథ'ను పద్యాల్లో చెప్పుకున్నారు. ఆత్మకథంటే వచనమేనన్న నియమం ఆయన దగ్గరే వీగిపోతుంది.

కొండపల్లి కోటేశ్వరమ్మ పేరు అసలే ఎత్తకూడదు. నడివయసులో ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదువుకున్నారు. కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేశారు. 2012లో ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి' అచ్చయ్యేసరికి ఆమెకు తొంభై దాటాయి. అది తెలిశాక మూడు నెలల కోర్సుకు ఫీజు ఎవరు కడతారు?

అన్నిటికన్నా ప్రమాదం నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం రోజులవి. వయోజనుల వాచకంలో సారా కాల్చేసిన సంసారం గురించి సీతమ్మ కథ అని ఒక పాఠం పెట్టారు. చదివిన ఆడవాళ్లు అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టారు, ఎవరి గోడు వాళ్లు చెప్పుకున్నారు, ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. గుణింతాలు దిద్దించేవాళ్లు తేరుకునేలోగా అది జిల్లా అంతటా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

కనుక నిర్వాహకులు పాఠాలను చీమ, పావురం కథలకే పరిమితం చేసుకోవాలని మనవి.